రెండు ఫైళ్లు కలిస్తేనే.. సరైన మందు!

తాళం చెవి ఒకటే. దాంతో ఎదురింటి తలుపు తెరుచుకుంది. పక్కింటి తలుపు మాత్రం కదల్లేదు. రెండిళ్లకీ వేసింది ఒకే కంపెనీ తాళం, ఒకే నంబరు. మరి తేడా ఎక్కడుంది? పక్కింటి తలుపుకి లోపలి నుంచి గడియ కూడా పెట్టి ఉంది! బయట నిలబడి తాళాన్నే చూస్తున్నవాళ్లకి ఆ గడియ సంగతి తెలీదు. ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

క్యాన్సర్ వైద్యంలో అచ్చం ఇలాంటిదే జరిగింది.

మెలనోమా అని ఒక చర్మ క్యాన్సర్ ఉంది. ఆ రోగుల్లో దాదాపు సగం మంది కణితుల్లో బీరాఫ్ అనే జన్యువు ఒకచోట మారిపోయి కనిపిస్తుంది. కణాన్ని 'పెరుగు.. పెరుగు' అంటూ ఆపకుండా తరిమేది ఆ మార్పే. సరిగ్గా దాన్నే పట్టి ఆపే వెమురఫెనిబ్ అనే మాత్రకు 2011లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం తెలిపింది. అప్పటి పరీక్షల్లో సగానికి దగ్గరగా రోగుల్లో కణితులు బాగా తగ్గాయి. ఇక పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లోనూ కొద్దిమందికి అదే జన్యువులో, అదే చోట, అదే మార్పు ఉంటుంది. ఇంకేం, అదే మాత్ర వాళ్లకీ ఇచ్చి చూశారు. 2015లో వెలువడిన ఫలితాల్లో 21 మందికి మాత్ర ఇస్తే, కణితి చెప్పుకోదగ్గంతగా తగ్గింది.. ఒక్కరికి!

ఎందుకిలా? కారణాన్ని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2012లోనే బయటపెట్టారు. బీరాఫ్‌ని అడ్డుకోగానే పెద్దపేగు కణం ఈజీఎఫ్ఆర్ అనే మరో దారిలో పని కానిచ్చేస్తోంది. లోపలి గడియ అదన్నమాట. మెలనోమా కణాల్లో ఆ ఏర్పాటు అంతగా ఉండదు. ఈ కిటుకు తెలిశాక, రెంటినీ ఒకేసారి అడ్డుకునే మందుల జంటను పెద్దపేగు క్యాన్సర్ రోగుల మీద పరీక్షించారు. దానికి 2020లో అమెరికాలో ఆమోదం దొరికింది.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? ల్యాబ్ రిపోర్టులో జన్యువు పేరు కనబడినంత మాత్రాన మందు పేరు తెలిసిపోదు. ఆ మార్పు ఎవరి ఒంట్లో, ఏ అవయవంలో, ఏ దశలో ఉందో పక్కనే కనిపించాలి. రోగి కథ, కణితి కథ రెండూ కలిపి చదవాలి. అలా చదివించడానికి వచ్చినవే ఈవారం మనం చెప్పుకోబోయే సెల్‌ఫోను, ట్యాబ్లెట్ సాధనాలు. ట్యాబ్లెట్ అంటే మింగే మాత్ర కాదండోయ్, పలకలాంటి కంప్యూటర్!

ఒకరి కథ.. రెండు చోట్ల

క్యాన్సర్ రోగికి సంబంధించిన సమాచారం ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది వైద్య సమాచారం. వయసెంత, క్యాన్సర్ ఎక్కడ మొదలైంది, ఎంతవరకు పాకింది, ఆపరేషన్ ఎప్పుడైంది, కీమో ఎన్నిసార్లు ఎక్కించారు, కాలేయం, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయి, షుగరు, బీపీ ఉన్నాయా.. ఇవన్నీ. ఇది వారం వారం మారిపోతుంటుంది. రాసేది డాక్టర్లు, నర్సులు. ఉండేది ఆసుపత్రి కంప్యూటర్లో, లేదంటే రోగి బంధువుల చంకలో వేలాడే ప్లాస్టిక్ సంచిలో.

రెండోది జీవ సమాచారం. బయాప్సీలో తీసిన ముక్కలో కణాలు ఎలా ఉన్నాయి, వాటి మీద ఏ ప్రొటీన్లు ఉన్నాయి, ఏయే జన్యువులు మారాయి.. ఇవి. దీన్ని తేల్చేది ల్యాబ్. చాలాసార్లు ఆ ల్యాబ్ ఉండేది మరో ఊళ్లో. రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. వచ్చేది పేజీల కొద్దీ పీడీఎఫ్. అది మెయిల్లోనో, వాట్సాప్‌లోనో ఉండిపోతుంది.

వీటికి తోడు మూడోది కూడా ఒకటుంది. ఫలానా మార్పు ఉన్నవాళ్లకి ఏ మందు పనిచేసింది, ఏది పనిచేయలేదు అనే ప్రపంచ విజ్ఞానం. అది ఎప్పటికప్పుడు పెరిగిపోతూనే ఉంది. ఎంత గొప్ప డాక్టరైనా అదంతా బుర్రలో పెట్టుకోవడం అయ్యే పని కాదు.

ఇప్పుడు ఓపీలో డాక్టరుగారి పరిస్థితి ఊహించుకోండి. బయట పదుల సంఖ్యలో రోగులు. ఎదురుగా ఉన్న రోగికి ఇవ్వగలిగిన సమయం కొన్ని నిమిషాలు. ఆ కొద్దిసేపట్లోనే మొదటి ఫైలు చూడాలి, రెండో ఫైలు వెతకాలి, మూడోది గుర్తు తెచ్చుకోవాలి. ఏ ఒక్కటి అందకపోయినా నిర్ణయం తప్పుదారి పట్టొచ్చు. అదే పెద్దపేగు క్యాన్సర్ సంగతి చూడండి. ఆ రోగుల్లో సుమారు 40 శాతం మందికి కేరాస్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. అలాంటివాళ్లకి సెటుక్సిమాబ్ ఇంజెక్షను సాధారణంగా పనిచేయదు. అందుకే పరీక్ష చేయకుండా ఇవ్వొద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఏఎస్‌సీఓ 2009లోనే చెప్పింది. పరీక్ష చేయించి కూడా రిపోర్టు సమయానికి డాక్టరు కళ్లబడకపోతే? ఖర్చుకు ఖర్చు, బాధకు బాధ. పైగా రోగికి తిరిగిరాని కాలం వృథా.

నాష్‌విల్‌లో పుట్టిన యాప్

ఈ ఇబ్బంది మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఉంది. అక్కడి టెనసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఉంది. 2011లో అక్కడి వైద్యులు 'మై క్యాన్సర్ జీనోమ్' పేరుతో ఒక వెబ్‌సైట్ తెరిచారు. ఏ క్యాన్సర్లో ఏ జన్యుమార్పు ఉంటే ఏ మందుల మాట ఆలోచించాలో అందులో విడమరిచి రాశారు. అంటే మూడోదైన ప్రపంచ విజ్ఞానం ఒకచోట చేరిందన్నమాట. కానీ డాక్టరు రోగి ఫైలు మూసి, వేరే తెర తెరిచి, జన్యువు పేరు కొట్టి వెతుక్కోవాల్సిందే.

ఆ దూరాన్నీ తగ్గించాలనుకున్నారు జెరెమీ వార్నర్ అనే క్యాన్సర్ వైద్యుడు, ఆయన బృందం. బోస్టన్‌లోని నిపుణులతో కలిసి వాళ్లు తయారుచేసిన మొబైల్ యాప్ వివరాలు 2016లో ఒక వైద్య సమాచార శాస్త్ర పత్రికలో వచ్చాయి. పేరు 'స్మార్ట్ ప్రెసిషన్ క్యాన్సర్ మెడిసిన్'.

అది చేసే పని చూడ్డానికి చిన్నదే. రోగి రికార్డు తెరవగానే, ఆ వ్యక్తికి ఏ క్యాన్సరో చూసి, కణితిలో కనబడిన జన్యుమార్పును తెరమీద చూపిస్తుంది. అక్కడితో ఆగదు. 3 వేలమందికి పైగా రోగుల సమాచారంతో పోల్చి, ఇదే రకం క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఈ మార్పు ఎంతమందిలో ఉందో బొమ్మ రూపంలో చెబుతుంది. ఆ మార్పు గురించి చదువుకోవడానికి సరిగ్గా అదే పేజీకి తీసుకెళ్లే లింకులూ ఇస్తుంది. జన్యువు పేరు టైపు చేయక్కర్లేదు. వెతుక్కోనక్కర్లేదు.

ఇందులో ఇంకో మంచి ఆలోచన కూడా ఉంది. ఈ తెర డాక్టరు ఒక్కరికే కాదు, డాక్టరూ రోగీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు పనికిరావాలని దాన్ని తయారుచేశారు. 'మీకు వచ్చింది అరుదైన మార్పేం కాదు, ఇంతమందిలో ఉంది' అని బొమ్మ చూపించి చెప్పడానికీ, నోటిమాటగా రెండు ముక్కలు చెప్పడానికీ ఎంతో తేడా ఉంటుంది కదా!

అలాగని అది మంత్రదండమేమీ కాదు. మొదటి రూపంలో ఒక్క జన్యుమార్పు ఉన్నవాళ్లకీ, అసలు మార్పు కనబడనివాళ్లకీ మాత్రమే పనిచేసింది. ఎక్కువ మార్పులు ఉంటే చేతులెత్తేసేది. క్యాన్సర్ వైద్యులకు చూపించి, వాళ్లు చెప్పిన మంచీచెడూ విని మార్పులు చేశారు. ఏఎస్‌సీఓ ఏర్పాటుచేసిన ప్రదర్శనలోనూ పెట్టారు. ప్రోగ్రామును ఎవరైనా తీసుకుని మెరుగుపరచుకునేలా ఉచితంగా వదిలారు.

మిక్సీ ఒకటి.. జార్లు ఎన్నో!

యాప్ కన్నా అది నిలబడిన పునాది ఇంకా ఆసక్తికరం. 2009లో బోస్టన్ వైద్యులు కెన్నెత్ మాండ్ల్, ఐజాక్ కొహేన్ ఒక వైద్య పత్రికలో ఓ ఆలోచన చెప్పారు. అప్పటికి ఐఫోన్ యాప్‌ల అంగడి తెరుచుకుని ఏడాది కూడా కాలేదు. 'ఫోనులో నచ్చిన యాప్ వేసుకుంటాం, నచ్చకపోతే తీసేసి మరోటి పెట్టుకుంటాం. ఆసుపత్రి కంప్యూటర్లు కూడా అలా ఎందుకు ఉండకూడదు?' అన్నది వాళ్ల ప్రశ్న. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం కోటిన్నర డాలర్లు ఇచ్చింది. అలా పుట్టిందే 'స్మార్ట్' అనే ఏర్పాటు. మన వంటింటి భాషలో చెప్పాలంటే మిక్సీ ఒకటే ఉంటుంది, చట్నీకో జారు, పిండికో జారు మార్చుకుంటాం. ప్రతి పనికీ కొత్త మిక్సీ కొనం కదా!

అయితే జారు బిగించాలంటే పళ్లు కలవాలి. ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటీ ఒక్కో పద్ధతిలో సమాచారాన్ని దాచుకుంటాయి. ఈ చిక్కు విప్పడానికి 2011లో ఆస్ట్రేలియాకి చెందిన గ్రహామ్ గ్రీవ్ ఒక కొత్త పద్ధతి ప్రతిపాదించారు. దాని పేరు 'ఫైర్'. మన పోపులపెట్టె గుర్తు తెచ్చుకోండి. ఆవాలకో గిన్నె, జీలకర్రకో గిన్నె, మెంతులకో గిన్నె. ఎవరింటికి వెళ్లినా, ఏ గిన్నెలో ఏముందో తెలిస్తే చీకట్లో కూడా పోపు వేసేయొచ్చు. ఫైర్ కూడా అంతే. రోగి వివరాలకో గడి, రక్తపరీక్షకో గడి, మందుకో గడి. ఏ గడిలో ఏముంటుందో ముందే ఒప్పందం. కాబట్టి ఏ యాప్ అయినా వచ్చి తనకు కావలసింది తీసుకోగలదు.

మరి జన్యుమార్పుకో? అప్పట్లో దానికి సరైన గడి లేదు! వాండర్‌బిల్ట్ యాప్ తయారుచేసినవాళ్లు ఆ గడులను కొత్తగా చేర్చాల్సి వచ్చింది. వాళ్ల కృషిలో విలువైన భాగం అదేనని నాకనిపిస్తుంది. యాప్‌లు వస్తుంటాయి, పోతుంటాయి. గడి మాత్రం మిగిలిపోతుంది. తర్వాత వచ్చేవాళ్లందరికీ పనికొస్తుంది.

పేర్ల గొడవ మరొకటి. మనిళ్లలో ఇంటిపేరు ముందు రాస్తే ఒక మనిషి, వెనక రాస్తే మరో మనిషి అయిపోయి, బ్యాంకులో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉండి పడే తిప్పలు తెలిసినవే. జన్యువులకీ ఆ తిప్పలు తప్పలేదు. రొమ్ము క్యాన్సర్ రిపోర్టుల్లో కనబడే హెర్2కే ఈఆర్‌బీబీ2 అని మరో పేరు ఉంది. న్యూ అన్నా అదే. మనిషి సర్దుకుపోతాడు. కంప్యూటరు మాత్రం ముగ్గురున్నారనుకుంటుంది. అందుకే ఏఎస్‌సీఓ మరికొన్ని సంస్థలతో కలిసి, ప్రతి క్యాన్సర్ రోగి గురించీ కనీసం ఏయే వివరాలు, ఏ పేర్లతో, ఏ పద్ధతిలో రాయాలో ఒక పట్టిక తయారుచేసింది. ఎమ్‌కోడ్ అనే ఆ పట్టిక 2020లో ప్రచురితమైంది. ఇందులో రోగి, వ్యాధి, పరీక్షలు, చికిత్స, ఫలితంతో పాటు జన్యు సమాచారానికీ సమానమైన పీట వేశారు. రెండు ఫైళ్లను ఒకే దారంతో కుట్టడమంటే ఇదే.

మూడో గొంతు.. రోగిదే!

ఇప్పటిదాకా డాక్టరు రాసింది, ల్యాబ్ రాసింది చెప్పుకున్నాం. రోగి చెప్పేది ఎవరు రాస్తారు? కీమో ఎక్కించుకుని ఇంటికెళ్లాక మూడోరోజు వాంతులు, అయిదోరోజు నీరసం, ఎనిమిదోరోజు కాళ్లూ చేతుల తిమ్మిర్లు. తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లేసరికి 'ఎలా ఉన్నారు?' అంటే 'పర్లేదండీ' అనేస్తారు మన పెద్దవాళ్లు. డాక్టరుగారిని ఇబ్బంది పెట్టడం ఎందుకని!

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో ఏథన్ బాష్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని పరీక్షకు పెట్టారు. వ్యాధి ఇతర భాగాలకు పాకి, కీమో తీసుకుంటున్న 766 మందిని తీసుకున్నారు. కొందరికి మామూలు వైద్యం. మిగిలినవాళ్లకి దాంతోపాటు ట్యాబ్లెట్‌లోనో, ఇంట్లో కంప్యూటర్లోనో 12 రకాల బాధల గురించి ఎప్పటికప్పుడు గుర్తుపెట్టే అవకాశం ఇచ్చారు. నొప్పి, ఆయాసం, ఆకలి మందగించడం, వాంతులు, విరేచనాలు.. ఇలాంటివి. బాధ ముదిరితే వెంటనే నర్సుకి కబురు వెళ్తుంది. ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు వైద్యం అందినవాళ్ల సగటు మనుగడ 26 నెలలు. తమ బాధను తామే రాసినవాళ్లది 31.2 నెలలు. అంటే అయిదు నెలలు ఎక్కువ! కొత్త మందేమీ వాడలేదు. చెప్పింది విన్నారు, విన్నది వెంటనే పట్టించుకున్నారు. అంతే. ఫ్రాన్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులతో చేసిన ఇలాంటి పరీక్షలోనూ ఇంటర్నెట్ ద్వారా లక్షణాలు తెలిపినవాళ్లు 22.5 నెలలు, మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లు 14.9 నెలలు జీవించినట్లు 2019లో ప్రకటించారు.

అందుకే జన్యువుల గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా, రోగి నోటి మాట లేని యాప్ అసంపూర్ణమే.

మన సంగతేమిటి?

మన దేశంలో 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ విస్తరించారు. అందులో ఇచ్చే 14 అంకెల నంబరే 'ఆభా'. మీ రికార్డులు ఏ ఆసుపత్రిలో ఉన్నా, మీ అనుమతితో ఒకచోట కనిపించేలా చేయడం దీని ఉద్దేశం. విశేషమేమిటంటే, ఇందుకోసం మనవాళ్లు ఎంచుకున్నదీ ఆ ఫైర్ పద్ధతినే! అంటే పోపులపెట్టె మన వంటింట్లోకీ వచ్చేసింది. ఇక క్యాన్సర్ ఆసుపత్రులను ఒక తాటి మీదికి తేవడానికి టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో ఇప్పుడు 300కు పైగా సంస్థలున్నాయి.

పెట్టె వచ్చింది సరే, గిన్నెలు నిండాలి కదా! శ్రీకాకుళంలో పరీక్ష చేయించుకుని విశాఖలో ఆపరేషన్, ఆదిలాబాద్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో కీమో. మన దగ్గర క్యాన్సర్ రోగి దారి ఇలాగే ఉంటుంది. ఊరు మారిన ప్రతిసారీ ఏదో ఒక కాగితం రాలిపోతుంది. ఉన్నవాటినైనా ఫొటో తీసి ఫోనులో పెట్టుకుంటే సమాచారం భద్రమైనట్లేనా? మనిషి కంటికి సరే. కంప్యూటర్‌కి మాత్రం ఆ ఫొటో అన్నం బొమ్మ లాంటిది. చూడ్డానికి ఉంటుంది, కడుపు నిండదు. అందులోని జన్యువు పేరును గడిలో ఎక్కిస్తేనే అది సమాచారం అవుతుంది. ఆ పని ల్యాబులు, ఆసుపత్రులు చేయాల్సిందే.

మరో లోటు పోలికలో ఉంది. ఇలాంటి సాధనాలు మన రోగిని ఎవరితో పోలుస్తున్నాయి? అమెరికా ప్రభుత్వం 2006లో మొదలుపెట్టిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌లో 11 వేలమందికి పైగా రోగుల సమాచారం ఉంది. వాళ్లలో ఎక్కువమంది ఐరోపా మూలాలవాళ్లే. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్లో ఈజీఎఫ్ఆర్ మార్పు పాశ్చాత్యుల్లో కన్నా ఆసియావాసుల్లో ఎక్కువ. పరాయి ఊరి అద్దంలో మన ముఖం సరిగా కనబడకపోవచ్చు. ఆ వెలితి తీర్చే ప్రయత్నంలోనే ఐఐటీ మద్రాస్ 2025లో రొమ్ము క్యాన్సర్‌తో మొదలుపెట్టి భారతీయుల క్యాన్సర్ జన్యు పటాన్ని అందుబాటులోకి తెచ్చింది. ఇలాంటివి ఇంకా రావాలి.

రహస్యం ఒక్కరిది కాదు

సమాచారం ఒకచోట చేరడమంటే దొంగకి కూడా ఒకేచోట దొరకడమే. 2022 నవంబరులో దిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగితే, ఎన్నో రోజులపాటు పనులు చేత్తో రాసుకుని నడిపించాల్సి వచ్చింది.

జన్యు రిపోర్టుతో మరో మెలిక ఉంది. కణితిలో కనబడే మార్పుల్లో చాలావరకు ఆ కణితిలోనే పుట్టినవి. పిల్లలకు రావు. బీఆర్‌సీఏ లాంటి కొన్ని జన్యువుల్లో మార్పు మాత్రం పుట్టుకతో వచ్చినదై ఉండొచ్చు. అలాంటప్పుడు తోబుట్టువులకీ, పిల్లలకీ కూడా అది ఉండే అవకాశం సగానికి సగం. ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చు, అది మేలే. కానీ పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో ఈ కాగితం కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? అమెరికాలో జన్యు సమాచారాన్ని చూపి ఆరోగ్య బీమాలోనూ, ఉద్యోగాల్లోనూ వివక్ష చూపకుండా 2008లో చట్టం చేశారు. మనకు 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం దారి చట్టానిది. ఇంట్లో గుట్టు మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగినవి

* బాధ్యత ఒక్కరికి అప్పగించండి. ఇంట్లో చదువుకున్న పిల్లల్లో ఒకరు రికార్డులన్నీ తేదీలవారీగా చూసుకుంటే మంచిది. నలుగురి ఫోన్లలో నాలుగు ముక్కలు ఉంటే సమయానికి ఏదీ దొరకదు.

* జన్యు పరీక్ష చేయిస్తే ల్యాబ్ ఇచ్చిన పూర్తి పీడీఎఫ్ అడిగి తీసుకోండి. మొదటి పేజీ ఫొటో ఒక్కటే సరిపోదు. ఏయే జన్యువులు పరీక్షించారన్నది చాలాసార్లు చివరి పేజీల్లో ఉంటుంది.

* 'మార్పేమీ లేదు' అని వచ్చిన రిపోర్టును పారేయకండి. లేదన్నదీ సమాధానమే. కేరాస్‌లో మార్పు లేదంటేనే కదా సెటుక్సిమాబ్ మాట ఆలోచించేది!

* 'ప్రాముఖ్యం తెలియని మార్పు' అని రాసి ఉంటే కంగారుపడొద్దు. అది మంచో చెడో ఇంకా తేలలేదని అర్థం. నెట్‌లో వెతికి సొంత నిర్ణయాలకు రావద్దు.

* బయాప్సీ ముక్కను మైనంలో పెట్టి దాచే బ్లాకులు, గాజు స్లైడ్లు ఎక్కడున్నాయో కనుక్కోండి. ఆసుపత్రి మారేటప్పుడు అవి కావాలని రాతపూర్వకంగా అడగండి. రేపు కొత్త జన్యు పరీక్ష చేయాలంటే చాలాసార్లు అవే ఆధారం.

* వాడిన ప్రతి మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఎందుకు ఆపారో ఒక పుస్తకంలో రాయండి. రోజూ ఎలా ఉందో కూడా ఒక్క లైను చాలు. 'పర్లేదు' అని మాత్రం రాయకండి!

* ఫోనుకి తాళం ఉండాలి. రిపోర్టులు డాక్టరుకి, చూసుకునేవాళ్లకి తప్ప ఎవరికీ పంపొద్దు. రోగి అనుమతి లేకుండా అసలే వద్దు.

యాప్ ఎంత తెలివైనదైనా, నిర్ణయం తీసుకునేది రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకున్న డాక్టరే. యాప్ పని, ఆ క్షణంలో డాక్టరుకి కావలసినదంతా కళ్లముందు పెట్టడం. మన ఆసుపత్రులన్నిటిలో అలాంటి తెరలు వచ్చేలోగా ఆ పని చేయాల్సింది రోగి పక్కన కూర్చున్న కొడుకో, కూతురో, కోడలో. డాక్టరుగారు కొత్త మందు రాయబోతున్నప్పుడు మొహమాటపడకుండా ఒక్క మాట అడగండి.. 'డాక్టరుగారూ, నాన్నగారి జన్యు రిపోర్టు, ఇంతకుముందు వాడిన మందుల వివరాలు రెండూ తెచ్చామండీ. ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తారా?' మంచి డాక్టరెవరూ ఆ మాటకి నొచ్చుకోరు. పైగా, మీకు ఓ కుర్చీ చూపించి కూర్చోమంటారు.